అద్దములో తిరిగిన బతుకమ్మ

1957వ సంవత్సరమున జపాను దేశమున వెలువడిన యాషికా-మ్యాట్ అను కెమేరాజాతికి చెందినదానను. నాకు రెండు కన్నులు: పైకన్ను చూచును, క్రిందికన్ను పట్టుకొనును. చేతులు మారి మారి బీదరు చేరితిని. నన్ను కొన్నవాడు నారాయణఖేడునుండి వచ్చి కోటకు చేరువను ఫోటో స్టూడియో పెట్టుకొన్న తెలుగువాడు. అతడు వచ్చునాటికి ఆ రెండూళ్లును హైదరాబాదు రాష్ట్రపు బీదరుజిల్లాలోనివే. 1956 నవంబరు 1వ తేదీని ఆ జిల్లా చీలి, బీదరు మైసూరునకును, నారాయణఖేడు, జహీరాబాదులు ఆంధ్రప్రదేశ్‌నకును, ఉద్గీరు బొంబాయి రాష్ట్రమునకును పోవుటచే, ఇల్లు కదలకుండగనే అతడు పుట్టినూరికి పరరాష్ట్రవాసి యయ్యెను.

పట్టణమే వలసవచ్చినవారి చేతులతో అలంకృతమైనది. గిలానునుండి వచ్చి బహమనీ సుల్తానులకు మంత్రియైన మహమూద్ గవాను 1472లో కట్టించిన మదరసా గోడలపై పారసీక సంప్రదాయపు నీలిపలకలు నేటికిని మిగిలియున్నవి. వానిని నేను పట్టినప్పుడెల్ల నీలము వెలవెలబోయి బూడిదయై మిగిలెడిది. కోటమట్టితో నలుపెక్కించిన బిద్రీ కూజాపై వెండితీగె మాత్రము, నాకొరకే పుట్టినట్లు, నా నలుపుతెలుపులలో చక్కగా నొదిగెడిది.

ఏటేట సద్దుల బతుకమ్మనాడు బీదరులోని తెలుగింటి ఆడువారు పూలు పేర్చి, చప్పట్లు చరచుచు చుట్టు తిరుగుచుండగా, నా యజమాని నన్ను పొట్టకానించుకొని, మూత తెరచి, తలవంచి గాజుపలకలోనికి చూచెడివాడు. నా గాజులో కుడి యెడమయగును గావున, వారు ఒకవైపు తిరుగుచుండగా నాలో ఎదురుదిశకు తిరిగెడివారు. ఆ వలయము నారాయణఖేడు వైపునకే మరలిపోవుచున్నదా యని నాకు తోచెడిది. రీలునకు పండ్రెండే చిత్రములు. అందు ఒకటి తప్పక ఊరిలోని అక్కగారికి టపాలో పంపుటకు.

అయినను నా దుఃఖ మొకటి గలదు. పచ్చని తంగేడును, తెల్లని గునుగును నా ఫిల్ముపై ఒకే తెలుపు. పేర్చినవారి కన్నులకు వేరువేరుగా వెలిగిన వరుసలు నాయందు కలిసిపోయెడివి. అందుచే అచ్చులు ఆరినపిమ్మట అతడు కుంచెతో రంగులు దిద్దెడివాడు. ఒక సాయంకాలము అతని తల్లి చిత్రమును దీపముకడకు పట్టుకొని, వ్రేలితో వరుస వరుస తడవుచు, "గీ కిందిది తంగేడు బిడ్డా. గా పైది గునుగు, దాన్ని నేనే గులాబిరంగుల ముంచిన," అనెను. అతడు కుంచెను కడిగి, తొలుత పసుపు ముంచెను.