కొండ మీద కరెంటాఫీసు

లంబసింగిలో టెంటు వేసుకుని ఉందామన్నప్పుడు చలికి నేనేం భయపడలేదు. భయమల్లా హెయిర్ డ్రయ్యరుకే. దువ్వెన మొహం చూసి ఏళ్లయినవాణ్ణి గనక జుట్టు తగాదాల్లో నాకు పక్షపాతం ఉండదని, కరెంటు శాఖ నాకే అప్పగించారు.

శాఖంటే ఒక పెట్టె. పోర్టబుల్ పవర్ స్టేషనట. దానిమీద 500 వాట్ అవర్లనీ, ఆ పక్కనే 500 వాట్లనీ రాసుంది. మొదటిది ట్యాంకులో నీళ్లెన్నో చెబుతుంది, రెండోది కుళాయి ఎంత లావో. మా అన్నయ్య కూతురి డ్రయ్యరేమో 1200 వాట్లు.

“ఫుల్ చార్జింగుంది కదా బాబాయ్!”

ఉంది తల్లీ, కుళాయే సన్నం. స్విచ్చి నొక్కగానే పెట్టె కీచుమని అరిచి పడుకుంది. పోనీ కుళాయి లావుదే అనుకున్నా, పాతిక నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. మా ఆవిడ జడ ఒక్కదానికే అది చాలదు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఇదే పెట్టె మీద నలభై గంటలకు పైగా వెలుగుతుంది. కరెంటుకి వెలుతురివ్వడం సరదా, వేడి పుట్టించడం వెట్టిచాకిరీ.

“కారు సాకెట్టుంది కదా బావా!” అన్నాడు బావమరిది. 12 వోల్టులు, 15 ఆంపియర్ల ఫ్యూజు. గుణిస్తే 180 వాట్లు. ఇన్వర్టరు తగిలించి డ్రయ్యరు పెడితే ముందు ఫ్యూజు పోతుంది, ఆ తర్వాత నా పరువు.

వేడి ఆపేసి ఫ్యాన్ ఒక్కటే తిప్పుకోమని సలహా ఇచ్చాను. డిసెంబరు తెల్లవారుజామున, లంబసింగిలో, తడితలకి చల్లగాలి! మా ఆవిడ చూసిన చూపుకి వాట్లు లెక్కగట్టలేదు. మా అత్తగారు మాత్రం ఎవరినీ అడక్కుండా నెగడు దగ్గర కూర్చుని, జుట్టు విరబోసుకుని ఆరబెట్టేసుకున్నారు. సాంబ్రాణి లేదన్నదొక్కటే ఆవిడ ఫిర్యాదు.

స్ట్రెయిట్‌నరు మాత్రం బుద్ధిమంతురాలు. అమ్మాయిది 40 వాట్లదే. పెట్టె కిక్కురుమనలేదు. టార్చి నేను పట్టుకోగా, ఒక్కో పాయా తీసి తను గంటసేపు ఇస్త్రీ చేసుకుంది. ఆ తర్వాత అందరం చెరువులవేనం కొండ ఎక్కాం. మేఘాలు కాళ్ల కింద ఉంటాయని చెప్పారు గానీ, కాసేపు నెత్తినా ఉంటాయని చెప్పలేదు. వేడికి వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలు విడిపోయి, చల్లారాక కొత్త వంపులో కుదురుకుంటాయి. తేమ తగిలితే మళ్లీ పాత కాపురానికే. పైకెక్కేసరికి ఉంగరాలన్నీ వచ్చేశాయి.

“జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందే,” అని ఓదార్చబోయారు అత్తగారు. అమ్మాయి పలకలేదు. నా చేతిలోంచి మంకీ క్యాపు లాక్కుని చెవులదాకా దిగేసుకుంది. చలికి మిగతావాళ్లూ తలొకటి తగిలించారు. నాకు మా ఆవిడ మఫ్లరు చుట్టింది. అక్కడ తీసుకున్న ఫొటోలో జుట్టున్నదెవరికో, లేనిదెవరికో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. దాన్నే నేను వాట్సాప్ డీపీగా పెట్టుకున్నాను.