కదలని సైకిల్‌కి అడ్డం ఎవరు?

హైదరాబాద్‌లో సైకిల్ తొక్కేవాడికి మర్యాద దక్కే చోటు ఏసీ గది ఒక్కటే. సాయంత్రం ఇండోర్ సైక్లింగ్ క్లాసుకని బయల్దేరిన గచ్చిబౌలి ఉద్యోగి ట్రాఫిక్‌లో కారు నడుపుకుంటూ వెళ్తాడు, పార్కింగ్ కోసం రెండు చుట్లు తిరుగుతాడు, లిఫ్టులో పైకెక్కి ముప్పావుగంట చెమటోడుస్తాడు, చివరికి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు దిగుతాడు. నవ్వుకోవచ్చు గానీ, ఆయన లెక్కలో తప్పులేదు. లాస్ ఏంజెలెస్‌లో 1980లలో ఈ పద్ధతికి రూపమిచ్చిన జానీ గోల్డ్‌బర్గ్ కూడా, రాత్రిపూట సాధన చేస్తుంటే కారు గుద్దబోయి తప్పిందట, అందుకే ఇంట్లో తొక్కడం మొదలెట్టాడని చెబుతారు. అంటే ఇది పుట్టిందే రోడ్డు భయంలోంచి.

ఒంటికి మేలు లేదనడానికి వీల్లేదు. పాదం నేలకి గుద్దుకోదు కాబట్టి పరుగుతో పోలిస్తే మోకాళ్లకి సుఖం. వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, లేదా 75 నిమిషాల తీవ్ర వ్యాయామం చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. గట్టిగా తొక్కితే రెండు క్లాసులతో వారం గట్టెక్కినట్టే. కాకపోతే ఒంటి బరువంతా సీటు మీదే ఉంటుంది, ఎముకలకి ఒరిగేది తక్కువ. మొదటిరోజే పక్కవాడితో పంతానికి పోయి తొక్కిన కొత్తవాళ్లకి తొడ కండరాలు చితికి, ఆ వ్యర్థం మూత్రపిండాల మీద పడ్డ కేసులు అమెరికా వైద్య పత్రికలకెక్కాయి. ఇక పాటల మోత 100 డెసిబెల్స్‌కి చేరితే పావుగంట మించి వినకూడదని అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ ప్రమాణం. క్లాసేమో 45 నిమిషాలు! అయితే ఈ చివరి రెండూ మెల్లగా మొదలెట్టి, శబ్దం తగ్గిస్తే తీరిపోయే ఇబ్బందులు.

తీరనిది మరొకటుంది. నోరున్నవాళ్లు, అర్జీ పెడితే అధికారి కుర్చీ చూపించే స్థాయివాళ్లు, నెలకింతని కట్టి సైకిల్‌తో సహా రోడ్డు మీంచి తప్పుకున్నారు. మిగిలింది పేపర్లు వేసేవాళ్లు, వాచ్‌మెన్లు, కూలీలు. బస్సుకీ డివైడర్‌కీ నడుమ వాళ్లు తొక్కేదాన్ని ఫిట్‌నెస్ అని ఎవరూ అనరు, దానికో దారి కావాలనీ అడగరు. దుమ్ము, కుక్కలు, మే నెల ఎండ, చీకటిపడితే ఆడవాళ్లకి తోడు లేకపోవడం, వీటి మాటేమిటంటారా? నిజమే, ఇవన్నీ ఉన్నచోట లోపల తొక్కడమే తెలివి. కానీ ఎండ తప్ప మిగతావన్నీ మనుషులు సరిచేయగలిగినవే. ఆ ఎండకీ ఉపాయం మనకే తెలుసు: ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేసి, పైన సోలార్ పలకలతో కప్పు కూడా కట్టాం. దాని మీద తొక్కడానికి సైకిల్‌ని కారు వెనక కట్టుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు, ఎందుకంటే ఇంటి నుంచి దానిదాకా తొక్కుకుంటూ రాగల దారి లేదు.

రోడ్లు బాగుచేయడం జిమ్ముల పనా అని అడగొచ్చు. కాదు. పైగా ఇంటి ముందు నుంచి ఆఫీసు దాకా నిశ్చింతగా తొక్కుకుపోయే దారి పడితే వాళ్ల వ్యాపారానికే గండి. ఆ పోటీ రాకుండా ఇన్నేళ్లుగా కాపుకాస్తున్నది మన నగర రహదారుల ప్రణాళికా శాఖే కాబట్టి, సభ్యత్వ రుసుములో ఆ శాఖకీ ఓ వాటా ముట్టజెప్పడం న్యాయం.