సంజీపని: ఒక పాత జీపు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

పొగను చూడు ముందు, పోయుము కిరసనం,
రాత్రి యాగి విప్పు రాని నట్టు;
ఎర్తు చూడకుండ నేల వైరును పీక?
మిగులు నట్టు లేని మేస్త్రి లేడు!

అవతారిక

ఛందస్సు ఆటవెలది. కర్త అజ్ఞాతుడు. ఒక మహీంద్రా ఎం.ఎం. 540 జీపు టూల్ బాక్సు మూత లోపలివైపు రెడ్ ఆక్సైడుతో రాసి ఉంది. అక్షరాల పక్కన గ్రీజు వేలిముద్రలున్నాయి కాబట్టి కర్త పీఠమెక్కిన పండితుడు కాడు. కిరసనాయిలు తోక కోసి గణంలో ఇమిడ్చాడు కాబట్టి బొత్తిగా పామరుడూ కాడు. ఈ జీపు 1980ల నడుమ వచ్చింది గనుక పద్యకాలం అంతకు వెనక్కి పోదు.

జీపు వంశవృక్షం మాత్రం ఇంకా వెనకది. 1940లో అమెరికా సైన్యం ఒక తేలికపాటి నాలుగు చక్రాల లాగుడు బండి కావాలని, నమూనాను 49 రోజుల్లో తెచ్చి నిలబెట్టాలని అడిగింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ తెచ్చి నిలబెట్టింది. తర్వాత విల్లీస్, ఫోర్డ్ లక్షల్లో చేశాయి. 1947 నుంచి బొంబాయిలో మహీంద్రావారు విల్లీస్ జీపులను బిగించి అమ్మారు. యుద్ధభూమిలో, బురదలో, మామూలు సిపాయి మామూలు పానాతో బాగుచేసుకోవాలని పుట్టిన బండి ఇది. ఇంటి ముందు వేపచెట్టు కింద యజమాని తానే పానా పట్టుకోవడానికి ఇంతకు మించిన ప్రమాణం అక్కర్లేదు.

ఇక మా టీకా సంగతి. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరిది మెదక్ దగ్గరి కొల్చారం. మూలంలో లేనిదేదీ రాయనని ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. మాకా సౌకర్యం లేదు. మాన్యువల్లో ఉన్నది బండిలో ఉండకపోవడం, బండిలో ఉన్నది మాన్యువల్లో లేకపోవడం పాత జీపు లక్షణం.

"పొగను చూడు ముందు"

పొగను = సైలెన్సరు గొట్టం నుంచి వెలువడే ధూమాన్ని, చూడు = చూడుము, ముందు = పానా ముట్టుకోకముందు. ఇక్కడ 'ముందు' కాలవాచకమే గాని దేశవాచకం కాదు. పొగ వచ్చేది వెనకనుంచి. దేశవాచకంగా చదివినవాడు నేరుగా వచ్చి బానెట్ ఎత్తుతాడు, చేతికందినది విప్పుతాడు. ఈ ఒక్క అపార్థం మీద బతుకుతున్న స్పేర్ పార్ట్స్ దుకాణాలు హైదరాబాదు పుత్లీబౌలీలో ఎన్నో ఉన్నాయి.

తర్కశాస్త్రం మొదలుపెట్టినవాడికి గురువు చెప్పే తొలి ఉదాహరణ కొండ మీది పొగ. పొగ ఉంది గనుక నిప్పు ఉందని అనుమానం. మన జీపు దగ్గర ఈ అనుమానం తలకిందులవుతుంది. చలికాలం పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతూ, అంటుకోక, దట్టంగా తెల్లపొగ వదిలిందనుకోండి. పొగ ఉంది గనుక నిప్పు లేదని సిద్ధాంతం. లోపలికి వెళ్లిన డీజిలు కాలకుండానే ఆవిరై బయటికి వస్తోంది. ఈ బండిలోని ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 ఇంజనులో డీజిలు సూటిగా పిస్టన్ మీద పడదు, పక్కనున్న చిన్న గదిలో పడి అక్కడ అంటుకోవాలి. చల్లటి గది గోడలు వేడిని లాగేస్తాయి. అందుకే హీటర్ ప్లగ్గులు పెట్టారు. ఒక్కో ప్లగ్గు వైరు విడదీసి, టెస్టు లాంపు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస ప్లగ్గు తలకు తగిలించండి. లాంపు వెలగకపోతే ఆ ప్లగ్గు పోయినట్టే. ఇంత చిన్న పరీక్ష చేయకుండా పంపు, నాజిళ్లు విప్పి మోసుకుపోయినవారి కథలు ప్రతి ఆటోనగర్లోనూ వినిపిస్తాయి.

ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగలేదు, రేడియేటర్లో నీళ్లు తగ్గుతున్నాయి అంటే అది వేరే పాఠం. కాలని డీజిలు పొగ కళ్లు మండిస్తుంది, నీటి ఆవిరి మండించదు. రెండోదైతే హెడ్ ప్యాకింగ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. నల్లపొగ అంటే డీజిలుకు తగ్గ గాలి అందడం లేదు, ముందు ఎయిర్ క్లీనర్ చూడండి. నీలిపొగ అంటే ఇంజనాయిలు కాలుతోంది. దాని చికిత్స ఖర్చుతో కూడినది గనుక చాలామంది యజమానులు దాన్ని నల్లపొగ అనే చదువుకుంటారు.

పేరు మీద ఒక మాట. 4.90 అన్నచోటే కంపెనీవారు ప్రతిపదార్థం ఇచ్చారు. 4 అంటే సిలిండర్లు, 90 అంటే మిల్లీమీటర్లలో బోరు. 83 మిల్లీమీటర్ల స్ట్రోకుతో లెక్క కడితే 2112 సీసీ వస్తుంది. ఇంత నిజాయితీగా పేరు పెట్టుకున్న ఇంజను మళ్లీ రాలేదు.

"పోయుము కిరసనం, రాత్రి యాగి విప్పు రాని నట్టు"

అన్వయం: రాని నట్టు మీద కిరసనం పోయుము, రాత్రి అంతా ఆగి, విప్పు. తుప్పు తాను మింగిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల సందుల్లో అది ఉబ్బి నట్టును కరుచుకుంటుంది. పల్చటి కిరసనాయిలు ఆ సందుల్లోకి తనంతట తానే పాకుతుంది, కానీ తాపీగా పాకుతుంది. అందుకే కవి రాత్రి గడువిచ్చాడు. చౌకదుకాణం నీలం కిరసనాయిలు ఇప్పుడు దొరకడం కష్టం కనుక, తుప్పు వదిలించే స్ప్రే అని లక్షణార్థం చెప్పుకోవాలి. గడువు మాత్రం మారదు.

పాఠాంతరం: కొన్ని షెడ్లలో "రాత్రి తాగి విప్పు" అని చదువుతున్నారు. 'తాగి' పెట్టినా గణం చెడదు, యతి చెడదు. నట్టు మూలలు చెడతాయి. ఈ పాఠం అగ్రాహ్యం.

క్రియాక్రమం కవి చెప్పలేదు గనుక మేం పూరిస్తున్నాం. పోసేముందు వైరు బ్రష్షుతో మట్టి, గ్రీజు గీకాలి. పోశాక నట్టు పక్కల మీద చిన్న సుత్తితో తట్టాలి. పొద్దున విప్పబోయేముందు ఒక్క పిసరు బిగించాలి, తుప్పు అక్కడే విరుగుతుంది. రింగు పానా కన్నా ఆరు మూలల సాకెట్ మేలు. పన్నెండు మూలల పానా మొండి నట్టును గుండ్రం చేసి చేతిలో పెడుతుంది. నట్టును కాల్చి వదులు చేయడం కూడా శాస్త్రసమ్మతమే గాని, కిరసనాయిలు పోసిన చోట, డీజిలు ట్యాంకు పక్కన, బ్రేకు పైపుల దగ్గర మంట పెట్టమని ఏ శాస్త్రమూ చెప్పదు.

'విప్పు' అన్నాడు సరే, ఎటు? అపసవ్యంగా తిప్పితే వదులవుతుందని లోకప్రసిద్ధి. విల్లీస్ సంప్రదాయపు పాత జీపుల్లో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మరలుండేవి. తిరిగే చక్రం తన నట్టును తానే విప్పుకోకూడదని ఆ ఏర్పాటు. అక్కడ సవ్యంగా తిప్పితేనే వదులవుతుంది. స్టడ్ కొస మీద 'ఎల్' అక్షరం కనిపిస్తుందేమో తుడిచి చూడండి. చూడకుండా పానా మీదెక్కి గెంతినవాడు బిగించీ బిగించీ స్టడ్‌నే తెంపుతాడు.

'రాని' అన్న విశేషణం నట్టుకే కాదు, లివరుకూ అన్వయిస్తుంది. బురద దాటి తారురోడ్డెక్కాక ఫోర్ వీల్ లివరు వెనక్కి రాదు. గేరుబాక్సు పట్టేసిందని కంగారు. మలుపులో ముందు ఇరుసు, వెనక ఇరుసు నడిచే దూరాలు ఒకటి కావు. రెంటినీ కలిపి బిగించి ఉంచే ఈ బండిలో ఆ తేడా షాఫ్టుల్లో మెలికగా పేరుకుంటుంది. మట్టిలోనైతే టైర్లు జారి మెలిక వదిలేస్తాయి, తారు వదలనివ్వదు. బండిని నాలుగు గజాలు నేరుగా వెనక్కి పోనిస్తే లివరు దానంతటదే వస్తుంది. దీనికి కిరసనాయిలు అక్కర్లేదు.

"ఎర్తు చూడకుండ నేల వైరును పీక?"

ఇది కావ్యానికి గుండెకాయ. ఎర్తు = బ్యాటరీ మైనస్ నుంచి చాసిస్‌కు, ఇంజనుకు, బాడీకి పోయే కలపడం, చూడకుండ = పరీక్షించకుండా, ఏల = ఎందుకు, వైరును పీక = వైరు పీకడం. 'చూడకుండ నేల' అన్నచోట నకారం సంధివశాన వచ్చింది. 'నేల' అని విడిగా చదివితే భూమి, అదే ఎర్తు. రోగాన్ని మందుతో కలిపి ఒకే పదంలో కూర్చిన ఈ శ్లేషకే కవికి గండపెండేరం తొడగవచ్చు, గ్రీజు తుడుచుకుని వస్తే.

జీపులో ప్రతి దీపానికీ వెళ్లే వైరు కనిపిస్తుంది, తిరిగివచ్చే వైరు కనిపించదు. తిరుగుదారి బండి ఇనుమే. ఆ ఇనుముకు పెయింటు, తుప్పు, బురద పడితే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. ఇండికేటరు వేస్తే పక్క బల్బు కొట్టుకుంటుంది, హెడ్‌లైట్లు గుడ్డి దీపాలవుతాయి. ఇంజనుకు పోయే ఎర్తు పట్టీ తెగితే సెల్ఫ్ మోటరు కరెంటు యాక్సిలరేటరు తీగె గుండా పోయి అది కాలేంత వేడెక్కవచ్చు. పరీక్ష ఇది: దీపం వెలుగుతుండగా మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకోటి దీపం బాడీకి పెట్టండి. సున్నాకు దగ్గరగా చూపాలి. అర వోల్టు దాటితే ఎర్తు చెడింది. జాయింటు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, స్టార్ వాషరు వేసి బిగించి, పైన వాజలీను పూస్తే చాలు.

మరి ఎర్తు చూడకుండా వైరు ఎందుకు పీకుతారు? వైర్లు ఊరిస్తాయి గనుక. ఇక్కడ ప్రక్షిప్తాల గురించి చెప్పుకోవాలి. ఏ పాత కావ్యంలోనైనా లేఖకులు తమ పద్యాలు చొప్పిస్తారు. పాత జీపు వైరింగ్‌లో ప్రతి యజమానీ ఒక చరణం చొప్పించాడు. ఒకాయన ఎన్నికల ప్రచారానికి మైకు పెట్టాడు, పార్టీ మారాక మైకు తీశాడు, వైరు తీయలేదు. ఇంకొకాయన రాత్రివేళ చేను కాపలాకు స్పాట్ లైటు బిగించాడు. వేరొకరికి నాలుగు స్వరాల హారను కావాలి. అన్నీ ఎర్ర వైర్లే, ఆ రోజు దుకాణంలో అదే ఉంది. రిలే లేదు. ఫ్యూజు కాలినచోట సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టి ఉంది. ఇది ప్రక్షిప్తం మాత్రమే కాదు, ఇంటికి నిప్పు కూడా. వెండికాగితాన్ని మాత్రం ఎర్తు చూడకముందే పీకండి. కవి ఒప్పుకుంటాడు.

మిగతావి ఊహతో పీకవద్దు. ప్రక్షిప్తమని తీసేసిన పద్యం కవిది కావచ్చు. డాష్‌బోర్డు కింద ఎటూ పోనట్టున్న వైరు ఆయిల్ ప్రెషర్ దీపానిది అయితే, అది లేకపోయినా బండి హాయిగా నడుస్తుంది, ఆయిలు అయిపోయేదాకా. ఒక్కో వైరుకూ రెండు కొసలూ దొరికాకే చీటీ కట్టి, ఆపైన తీర్పు చెప్పాలి. పాఠపరిష్కర్తల పద్ధతి ఇదే, కాకపోతే వారి చేతికి గ్రీజు అంటదు.

పూర్వపక్షం

డీజిలుకు గాలి పట్టడం, బ్రేకులు, ఇవేవీ పద్యంలో లేవే అని ఆక్షేపణ. నాలుగు పాదాల్లో నాలుగు చక్రాలూ ఇమడవని సమాధానం. ట్యాంకు ఎండిపోయాక డీజిలు పోసినా స్టార్ట్ కాకపోతే గాలి పట్టిందని అర్థం. ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిలు వచ్చేదాకా చేతి పంపు కొట్టి బిగించాలి. బ్రేకుల గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకు దూరపు చక్రంతో మొదలుపెట్టాలి. బ్రేక్ ఆయిలు గాల్లోని తేమను తాగుతుంది గనుక ఏళ్ల తరబడి మూత తీసి ఉన్న డబ్బాలోది వాడకూడదు. ఇంకొకటి, ఇందులో శ్లేష ఏమీ లేదు: ఒక్క జాకీ మీద నిలిపిన బండి కిందికి దూరవద్దు. స్టాండ్లు గాని, గట్టి చెక్కదిమ్మలు గాని పెట్టి, నేల మీదున్న చక్రాలకు అడ్డు వేశాకే దూరాలి.

"మిగులు నట్టు లేని మేస్త్రి లేడు"

వేదాంతులకు ప్రియమైన పాదం. మిగిలిన నట్టు మిథ్య, బండి నడవడమే సత్యమని ఒక మతం. నట్టు సత్యమే, అది మరొక బండిదని ఇంకొక మతం. కంపెనీవాడే ఒకటి ఎక్కువ బిగించాడన్నది పందెం కట్టే మేస్త్రీల మతం. సిద్ధాంతమేమంటే, నట్టుకు ఒక చోటుంది, అది ఎక్కడో ఘాట్‌రోడ్డు చెబుతుంది.

కాబట్టి విప్పిన బోల్టును వాషరు, నట్టుతో సహా దాని రంధ్రంలోనే తిరిగి తగిలించి ఉంచడం ఉత్తమం. పళ్లెంలో విప్పిన వరసలో పేర్చడం మధ్యమం. అన్నీ ఒకే డబ్బాలో వేసి గలగలలాడించడం అధమం. విప్పేముందు సెల్‌ఫోనుతో ఫొటో తీయడం ఈ కాలపు వ్యాఖ్యాతలు చేర్చిన మంచి పద్ధతి. స్టీరింగు కీళ్ల స్ప్లిట్ పిన్నులు మాత్రం పాతవి వంచి వాడకూడదు, ప్రతిసారీ కొత్తవే. కమాన్ కట్టలు విప్పి వేసినప్పుడు యూ బోల్టులు కొంత దూరం నడిచాక సర్దుకుని వదులవుతాయి, మళ్లీ పానా పెట్టాల్సిందే.

'మేస్త్రి' ఎవరన్నది చివరి సంశయం. ఈ ఇంజను గుట్టు తెలిసిన పాత మేస్త్రీలు షెడ్లు మూసేస్తున్నారు. కొత్త కుర్రాళ్లు స్కానరు పట్టుకుని డాష్‌బోర్డు కింద తడుముతారు, దాన్ని గుచ్చే చోటు ఈ బండిలో పుట్టలేదు. కనుక 'మేస్త్రి' అంటే ఇక్కడ యజమాని అనే గ్రహించాలి. మరి మిగులు వాషర్ల సంగతి కవి ఎందుకు వదిలేశాడంటే, వాటికి ఆటవెలది చాలదు, సీసం కావాలి.