మూసీకి పోని నీళ్లు

తెలియకపోవడం తప్పేం కాదు. తెలియనిదాన్ని చేతులూపుతూ చెప్పడం, నోరెండిపోయి నాలుక పిడచగట్టాక కూడా ఆపకుండా చెప్పడం మాత్రం అందరివల్లా అయ్యే పని కాదు. దానికి కాస్త వంశం కావాలి. నాకది ఉంది.

మాది హరిబౌలి. మూసీ గురించి మాట్లాడే హక్కు తనకొక్కడికే ఉందనుకునే పెద్దమనిషి పాతబస్తీలో గల్లీకొకడు దొరుకుతాడు. మా ఇంట్లో ఆ జబ్బు నాలుగో తరానికి వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు నూటయాభై మందిదాకా కాపాడింది. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. మా ముత్తాత ఆ చెట్టు మీద ఉన్నాడని మా తాత, ఆ చుట్టుపక్కల ఎక్కడో ఉన్నాడని మా నాయన చెప్పేవాళ్లు. నేను చెప్పేటప్పుడు మాత్రం ఆయన్ని చిటారుకొమ్మకే ఎక్కిస్తాను.

ఇంత వంశగౌరవం ఉన్నవాణ్ని మా బామ్మర్ది ఒక మాట అడిగాడు. సంక్రాంతి పోయాక వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్ట మీంచి కోట్‌పల్లి చెరువు దాకా అడవిబాటన నడుద్దాం, వస్తావా బావా అని. దగ్గర దగ్గర ఇరవై కిలోమీటర్లట. “శాలిబండ ఎక్కుడు రోజూ ఎక్కేవాడికి గుట్ట ఒక లెక్కనా?” అన్నాను. పక్కనే ఉన్న నా దోస్తు, మొగల్‌పురాలో టైలరు, “నువ్వు ఎక్కేది ఆటోల గద మియా” అన్నాడు. అయినా వాడూ బయల్దేరాడు. నేను పడితే చూడాలని వాడి ఆశ.

నడక కోసం కొత్త బూట్లు కొన్నాను. కొత్తవి ముందు నాలుగు రోజులు తొడిగి లొంగదీసుకోవాలని బామ్మర్ది చెప్పాడు. చార్మినార్ దగ్గర దుమ్ముపట్టి పాడైపోతాయని పెట్టె తీయలేదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోయాలన్నాడు. “నది పుట్టినకాడికి పోతూ నీళ్లు మోసేటోన్ని ఎక్కడన్న చూసినవా?” అని ఒక్క సీసాతో, రుమాల్లో చుట్టిన నాన్‌రొట్టెలతో నాంపల్లిలో రైలెక్కాను. ఆ మాట బాగుందని రైల్లో ఇంకోసారి అన్నాను కూడా.

వికారాబాద్ గాలి లక్ష రోగాలకు మందని మన పెద్దలు ఊరికే అనలేదు. పొద్దున్నే గుట్ట మీద ఆ చల్లగాలి తగిలేసరికి నాకు ఉపన్యాసం పుట్టింది. అనంతపద్మనాభస్వామి గుడి మెట్ల మీద నిలబడి మొదలుపెట్టాను. మూసీ ఇక్కడే పుట్టింది. దాని అసలు పేరు ముచుకుంద. కాలయవనుణ్ని కంటిచూపుతో బూడిద చేసిన ముచుకుందుడు ఈ గుట్టల్లోనే నిద్రపోయాడని స్థలపురాణం. అక్కడినుంచి గండిపేట, లంగర్‌హౌస్ దగ్గర ఈసీతో సంగమం, పురానాపూల్, నయాపూల్, చివరికి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలవడం. ఇదంతా నిజమే. అదే నా కొంప ముంచింది. గుడి దగ్గర ఒక్క తప్పన్నా దొర్లి ఉంటే, మధ్యాహ్నానికి నోరు కొంచెం అదుపులో ఉండేది.

అడవిలోకి దిగాక టేకాకులు మొదలయ్యాయి. జనవరిలో రాలిన టేకాకు చాటంత ఉంటుంది, అప్పడంలా విరుగుతుంది. ముగ్గురం నడుస్తుంటే పెళ్లి భోజనాల్లో బంతి మొత్తం ఒకేసారి అప్పడాలు నమిలినట్టు చప్పుడు. ఆకుల కింద రాయుందో గుంతుందో కనబడదు. మోదుగులు ఇంకా పూతకు రాలేదు. తునికి చెట్లు నల్లటి బెరడు పగిలి మొసలి వీపుల్లా ఉన్నాయి. వాగన్నది వచ్చింది గానీ అందులో నీళ్లు లేవు, ఇసుకా కోతులూ ఉన్నాయి. నా సీసా అప్పటికే ఖాళీ. మడమ మీద బొబ్బ లేచి, చిట్లి, మేజోడుకు అతుక్కుపోయింది. బామ్మర్ది ఏమీ అనకుండా తన సీసా అందించాడు. ఏమన్నా అంటే బాగుండేది.

చెట్ల సందుల్లోంచి కోట్‌పల్లి చెరువు కనబడేసరికి పొద్దు వాలుతోంది. మూడు వైపులా అడవి, నీళ్ల మీద పట్నం పిల్లలు తిప్పే రంగురంగుల పడవలు. గట్టు మీద కూలబడి బూటు విప్పాను. కాలికి గాలి తగలగానే గొంతు లేచింది. “చూడుండ్రి, గీ నీళ్లే. గుట్ట మీద పుట్టి, ఈడ ఆగి, మన నయాపూల్ కిందికి పోతయి. మనం పొద్దట్నుంచి మూసీ ఎంబడే నడుస్తున్నం.” చెయ్యి తూర్పు వైపు చాపాను. అది తూర్పనే అనుకున్నాను.

పక్కన వల చిక్కు తీసుకుంటున్న ముసలాయన తలెత్తాడు. “ఏ ఊరు బిడ్డా మీది?”

“పట్నం. పాతబస్తీ.”

“గీ నీళ్లు పట్నం దిక్కు పోవు బిడ్డా. తాండూరు దిక్కు పోతయి. గిది కాగ్నా నీళ్లు.”

నేను ఊరుకోవాలి. ఊరుకోలేదు. “కాదు తాతా, గుట్ట మీద పుట్టిందే గద” అన్నాను. ఆయన వల మీంచి చూపు తీయకుండా, “ఇంటి కప్పు మీద వాన పడితె రెండు దిక్కులా కారది?” అన్నాడు. తర్వాత నా పెదాలు చూసి, తన డబ్బాలో నీళ్లు తాగమని ఇచ్చాడు. తాగాను. మూసీవి కావు గనక తియ్యగానే ఉన్నాయి.

దోస్తు అప్పటిదాకా నవ్వు ఆపుకున్నాడు. తిరుగు ప్రయాణంలో బస్సు కదిలాక అందుకున్నాడు. “మియా, మూసీ నీళ్లయినా నయాపూల్‌కు యాడ వస్తయి? పైనుంచి వచ్చేటివి గండిపేటల ఆగవా? గేట్లు ఎత్తితేనే గద వచ్చేది. మిగిలిన రోజులు నయాపూల్ కింద పారేది మన మోరీ నీళ్లే.” నిజమే. 1908 వరద తర్వాతే విశ్వేశ్వరయ్య వచ్చి సలహా ఇస్తే, మూసీకి అడ్డంగా 1920లో గండిపేట, అదే ఉస్మాన్‌సాగర్, ఈసీకి అడ్డంగా 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. ఇది నేను వాడికే ఎన్నోసార్లు చెప్పిన సంగతి. నా పాఠం వాడికి గుర్తుంది, నాకు లేదు.

ఇంటికొచ్చి ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టుకుని పటం తీశాను. ముసలాయన తప్పని తేలుతుందేమో అని చిన్న ఆశ. తేలలేదు. అనంతగిరి నిజంగానే ఇంటి కప్పు. ఒకవైపు వాన మూసీకి, ఇంకోవైపుది కాగ్నాకు. కాగ్నా కర్ణాటకలో భీమలో కలుస్తుంది. భీమ తంగడి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వేలు అలాగే కిందికి జరిపాను. జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్. అక్కడ ఆగింది. సాగర్ నుంచేగా 2004 నుంచి హైదరాబాద్‌కు పైపుల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి! మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి సాగర్ కింద ఉంది. అంటే మేం నాలుగు తరాలుగా మాదని చెప్పుకుంటున్న మూసీ సాగర్ దాటాక గానీ కృష్ణలో కలవదు, మళ్లీ మా నల్లా మొహం చూడదు. మాది కాదన్న కోట్‌పల్లి నీళ్లు ఊళ్లన్నీ తిరిగి, ఓ చుక్కైనా మా నల్లాలో పడే దారి ఉంది.

మనిషన్నవాడికి ఇక్కడ సిగ్గు రావాలి. నాకు సంబరం వచ్చింది. రాత్రి పదకొండు దాటినా ఆగలేక దోస్తుకు ఫోన్ చేశాను. “నేను చెప్పిందే రైటు! దారి ఒక్కటే తప్పు. ఆ నీళ్లు మన పాతబస్తీకే వస్తయి!”

వాడు మొత్తం విన్నాడు. భీమ దగ్గర ఒకసారి ఆవులించాడు.

“మంచిగుంది మియా. నల్లాల వచ్చినప్పుడు ఒక్క బిందె పట్టి దాచు, పొద్దున వచ్చి చూస్త. ఇప్పుడైతే నన్ను పండుకోనియ్.”