సంపాదక ప్రకటనకు ‘ప్రూఫుదీపిక’ అను వ్యాఖ్య

మూలం: “కళాశాల పత్రికకు విద్యార్థుల నుండి రచనలు కోరడమైనది. రచనలు ఈ నెల 20వ తేదీలోగా అందజేయవలెను. ఎంపికలో తుది నిర్ణయం సంపాదకవర్గానిదే. — సలహాదారు.”

అవతారిక: వ్యాఖ్యానించబోయే గ్రంథాన్ని పాఠకుడికి పరిచయం చేసే ఉపోద్ఘాతానికి అవతారిక అని పేరు. ప్రస్తుత గ్రంథం డిగ్రీ కళాశాలల నోటీసు బోర్డులపై, పరీక్ష ఫీజు గడువుకూ బస్సు పాసుల ప్రకటనకూ నడుమ, నాలుగు గుండుపిన్నుల్లో రెండు ఊడిన స్థితిలో లభించే గద్యం. మెదక్ ప్రాంతపు కొలిచెలమ (నేటి కొల్చారం) వాడైన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసేటప్పుడు, మూలంలో ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ రెండు నియమాలు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్య మొదటి నియమాన్ని శిరసావహిస్తుంది. రెండో నియమాన్ని పాటిస్తే ఇక్కడితోనే ఆగిపోవలసి వస్తుంది.

‘కోరడమైనది’: ఇది కర్త కనిపించని క్రియ. రచనలు కోరినది ఎవరో వాక్యంలో లేదు కనుక, లేని పదాన్ని సందర్భాన్ని బట్టి తెచ్చుకునే అధ్యాహారం ఇక్కడ తప్పనిసరి. ‘ప్రిన్సిపాల్‌గారి ఆదేశానుసారం’ అని కొందరు, ‘న్యాక్ బృందం రానున్నది కనుక’ అని మరికొందరు పూరిస్తారు. న్యాక్ అనగా 1994లో ఏర్పడి బెంగళూరు కేంద్రంగా ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే మండలి. ఆ బృందం అడుగుపెట్టే ఏడాదిలో కళాశాల పత్రికలకు అకాల వసంతం రావడం లోకవిదితమే కనుక రెండో పూరణకే బలం ఎక్కువ. ‘విద్యార్థులు రాయదలచుకున్నారు గనుక’ అనే పూరణ వ్యాకరణ సమ్మతమే అయినా ప్రయోగంలో అరుదు.

‘కళాశాల పత్రిక’: తత్పురుష సమాసం, అంటే నడుమ ఉండవలసిన విభక్తి లోపించి రెండు పదాలు కలిసిపోయిన రూపం. లోపించినది ఏ విభక్తి అన్నచోటే పక్షభేదం. ‘కళాశాల యొక్క పత్రిక’ అని షష్ఠి చెప్పేది యాజమాన్య పక్షం. దీని ప్రకారం పత్రిక కూడా బెంచీల వంటి ఆస్తే గనుక, గోడకు సున్నం వేయించే అధికారం ఎవరిదో శీర్షిక మార్పించే అధికారమూ వారిదే. ‘కళాశాల యందలి పత్రిక’ అని సప్తమి చెప్పేది విద్యార్థి పక్షం. చెట్టు మీది పిట్ట చెట్టు సొత్తు కానట్టే పత్రిక కూడా కళాశాల సొత్తు కాదని వారి వాదం. ‘కళాశాల వలన’ అని పంచమి చెప్పినవారూ లేకపోలేదు గానీ అది సమాస విచారం కాదు, అనుభవం.

ఈ వివాదం మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలోని కెంటకీ స్టేట్ యూనివర్సిటీలో 1994లో విద్యార్థులు తయారుచేసిన వార్షిక సంచికను అధికారులు పంచనివ్వకుండా స్వాధీనం చేసుకున్నారు. వారు చూపిన దోషాల్లో అట్ట ఊదా రంగులో ఉండటం ఒకటి (సంస్థ రంగులు ఆకుపచ్చ, బంగారు వన్నె), ఫొటోల కింద వివరాలు లేకపోవడం మరొకటి. అది విద్యార్థుల భావప్రకటనా స్వేచ్ఛకు భంగమని 2001లో ఆరవ సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పడంతో సప్తమికి విజయం లభించింది. అయితే ఇల్లినాయిలోని గవర్నర్స్ స్టేట్ యూనివర్సిటీలో ఒక డీన్ 2000లో నేరుగా ప్రెస్సుకే ఫోన్ చేసి, అధికారులు ముందుగా చూడనిదే పత్రికను అచ్చు వేయవద్దని చెప్పిన వ్యవహారంలో, 2005లో ఏడవ సర్క్యూట్ కోర్టు ఎదుట విద్యార్థులు ఓడిపోయారు. కాబట్టి అక్కడా విభక్తి ఇంకా తేలలేదు.

‘రచనలు’: బహువచనం ఆశను సూచిస్తుంది. అమ్మ మీద కవితలు, ‘నేటి యువత – రేపటి భవిత’ వంటి వ్యాసాలు, వారపత్రికల నుంచి దిగుమతి అయిన జోకులు, ఈ మధ్య ఫోనును అడిగితే అదే రాసిచ్చిన, అచ్చుతప్పు ఒక్కటీ లేని కారణంగానే అనుమానం కలిగించే వ్యాసాలు ఇందులోకి వస్తాయి. కళాశాలలో జరిగిన వార్త మాత్రం రాదు. వార్త రాయాలంటే ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అడగాలి. కవితకు ఆ శ్రమ లేదు.

‘20వ తేదీలోగా’: ‘లోగా’ అవధిని తెలిపే పదమని వ్యాకరణం, 20 తర్వాత సలహాదారు మొదటిసారి గుర్తుచేసే రోజు అని సంప్రదాయం. మేటరు, అంటే అచ్చుకు రావలసిన రాత, 28న వస్తుంది. సెంటర్ పిన్ను కొట్టే పుస్తకంలో పేజీల సంఖ్య నాలుగుతో భాగింపబడాలి గనుక ఇరవయ్యొక్క పేజీల మేటరు వస్తే మిగిలిన మూడు పేజీలను సూక్తులతో నింపవలసి ఉంటుంది. తెలుగునాట మహాపురుషుల సూక్తులు ఇంత ప్రచారం పొందడానికి ఈ భాగహారమే ముఖ్య కారణం కావచ్చు. పైగా ఫోన్లలో యూనికోడ్‌లో టైపు చేసిన పాఠాన్ని డీటీపీ చేసేవారు పేజ్‌మేకర్ కోసం ‘అను’ ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు కొన్ని రాలిపోతాయి. వాటిని ఏరుకొచ్చి యథాస్థానంలో ఉంచడమే ప్రూఫు దిద్దడం.

‘ఎంపికలో తుది నిర్ణయం’: గ్రంథానికి ప్రాణం ఇక్కడ ఉంది. 2024 మార్చిలో కొత్త చట్టం అమల్లోకి వచ్చేవరకూ సాగిన 1867 నాటి ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ బుక్స్ చట్టం, వార్తాపత్రికలో ప్రచురించే విషయం ఎంపిక ఎవరి అదుపులో ఉంటుందో ఆ వ్యక్తినే సంపాదకుడు అన్నది. జీతం గానీ, గది గానీ, లెటర్‌హెడ్‌పై పేరు గానీ ఆ నిర్వచనంలో లేవు. ఎంపిక ఒక్కటే ఉంది. కళాశాల సంచికకు ఆ చట్టం వర్తించినా వర్తించకపోయినా అందులోని తర్కం వర్తిస్తుంది. ప్రెస్సుకు వెళ్లే ముందు రాత్రి ఎర్ర పెన్నుతో ఒక అంశాన్ని కొట్టివేసిన చెయ్యి ఎవరిదో ఆ సంచికకు సంపాదకులు వారే, లోపలి పేజీలో ఫొటోతో సహా వేసిన పేరు మూడో సంవత్సరం విద్యార్థినిది అయినా సరే.

శంక: అయితే సలహాదారు ఏమీ చూడకూడదా? సమాధానం: చూడవలసిందే. ‘హాస్టల్ మెస్సులో సాంబారు నీళ్లు’ అని వార్త వచ్చిందనుకుంటే, ఏ రోజు, తిన్నవారు ఎందరు, వార్డెన్‌ను అడిగారా, ఆయన ఏమన్నారు అని నాలుగు ప్రశ్నలు వేసి తిప్పి పంపడం సలహా. జవాబులు వచ్చాక వార్త సాంబారు కంటే చిక్కబడుతుంది. ప్రశ్నలు వేయకుండా కొట్టివేయడం సంపాదకత్వం. మల్లినాథుడి మొదటి నియమం సలహాదారుకు చాలు. రెండోది, అంటే ఏది అవసరమో తేల్చడం, సంపాదకవర్గం పని. ఈ భేదం తెలియకనే ఎన్నో కళాశాల పత్రికలు కొంచెం లావైన నోటీసులుగా వెలువడుతున్నాయి.

‘సలహాదారు’: సలహా అరబ్బీ నుంచి, ‘దారు’ పారసీకం నుంచి వచ్చాయి, కలిగి ఉన్నవాడు అని ప్రత్యయార్థం. జమీందారుకు జమీ ఉన్నట్టే సలహాదారుకు సలహా ఉంటుంది. అతడు దాన్ని ఇస్తాడని గానీ, ఎదుటివారు పుచ్చుకుంటారని గానీ శబ్దశక్తి వల్ల సిద్ధించదు.

తాత్పర్యం: ఓ విద్యార్థులారా! ప్రత్యేక ఫీజులో పత్రిక పద్దు కింద మీరు ముందే చెల్లించిన సొమ్ముకు ప్రతిఫలముగా, పేజీలు నాలుగుతో భాగింపబడునట్లు రాయుడు; రాసినదానిలో ఏది ఉండునో నిర్ణయించువారెవరో అచ్చయి వచ్చిన పిమ్మట మీకే తెలియును అని భావము.

పాఠాంతరం: ఒకే రచనకు వేర్వేరు ప్రతుల్లో కనిపించే భిన్న పాఠానికి ఈ పేరు. కొన్ని బోర్డులపై ‘సంపాదకవర్గానిదే’ అనుచోట ‘సంపాదకవర్గానిది’ అని ఉంది. ఫాంటు మార్పిడిలో ఏత్వం గుడిగా మారి అవధారణార్థం, అంటే ‘వారిదే, మరొకరిది కాదు’ అనే నిశ్చయం, పోయిందని కొందరూ, పోలేదు, తీసివేయబడినదని కొందరూ అంటారు. ఆ ప్రతులన్నిటా సలహాదారు సంతకం కింద ఆకుపచ్చ సిరాతో, పేరు లేకుండా, తేదీ మాత్రమే వేసి మరో సంతకం కనిపిస్తుంది. ఆ సంతకంపై వ్యాఖ్య రాయుటకు అనుమతి కోరడమైనది.