వల వెనక నడిచినవాళ్ళం

ఒరే నాయనా, సిరిమానుని మేడ మీంచి చూడకూడదురా. ఈ ముక్క నా మనవడికి చెప్తే "పైనుంచయితే బాగా కనిపిస్తుంది కదా తాతా" అన్నాడు. బాగా కనిపించడానికేనా మేము కళింగపట్నం నుంచి విజయనగరం దాకా పడుతూ లేస్తూ వెళ్ళింది?

మా రోజుల్లో పైడితల్లమ్మ పండగ ఒక్క పూటతో అయిపోయేది కాదు. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమాను, ముందురోజు సోమవారం తొలేళ్ళు. మేము ఆదివారమే బయల్దేరేవాళ్ళం. మా నానమ్మ చీకటుండగానే లేచి పులిహోర కలిపి మూట కట్టేది. బస్సులో శ్రీకాకుళం, అక్కణ్ణుంచి ఆమదాలవలస, అక్కడ ప్యాసింజరు. పొందూరు, సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల. ఒక్కో స్టేషనుకీ పెట్టె ఇంకాస్త నిండేది. ఎక్కిన ప్రతివాడూ "ఏ ఊరు బావూ మీది?" అని అడిగాకే కూర్చునేవాడు. నెల్లిమర్ల దాటేసరికి ఎవరి కూతుర్ని ఏ ఊరు ఇచ్చారో, ఎవరి పొలం ఎండిందో పెట్టెడు మందికీ తెలిసిపోయేది. మా చిన్నత్తకి సంబంధం కుదిరింది ఆ రైల్లోనే. అబ్బాయిని చూసింది గరివిడిలో, మాట అనుకున్నది విజయనగరం స్టేషన్లో. నానమ్మ నిబ్బరంగా స్టేషను పక్కనున్న అమ్మవారి వనంగుడికి వెళ్ళి మొక్కు మొక్కేసింది. 2024లో మా అబ్బాయి కారెక్కించి, రెండు మూడు గంటల్లో తెచ్చి దించేశాడు. దారిలో ఒక్క కొత్త మనిషితో మాట్లాడలేదు. దాన్ని ప్రయాణం అంటారా?

మీకు కథ తెలుసో లేదో. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం. విజయనగరం రాజు విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు. ఆయన చెల్లెలు పైడిమాంబ ఆ దుఃఖంతో దేవతలో ఐక్యమైపోయిందంటారు. ఆ ఏడే విజయదశమినాడు పెద్ద చెరువులోంచి అమ్మ విగ్రహం బయటికొచ్చింది. మరుసటేడు 1758 నుంచి సిరిమాను. ఏటా ఏ చింతచెట్టు కావాలో అమ్మే పూజారి కలలో చెప్తుంది. ఆ మానుని తెచ్చి, చెక్కి, యాభై అరవై అడుగుల సిరిమాను చేసి, దాని కొసన పీట మీద పూజారిని కూర్చోబెడతారు. మూడులాంతర్ల దగ్గరున్న చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ఇదంతా టీవీలో చూపిస్తారు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది.

టీవీ వాళ్ళు చూపించనిది ఒకటుంది. సిరిమానుకి ముందు పాలధార నడుస్తుంది, అంజలి రథం వస్తుంది, తెల్ల ఏనుగు వస్తుంది, వాటితో పాటు బెస్తవారి వల వస్తుంది. అమ్మని నీళ్ళలోంచి పైకి తెచ్చింది వలవాళ్ళు. అందుకే ఆ వలకి ఊరేగింపులో చోటు.

మా తాత వలలు అల్లేవాడు. మాది సముద్రపు వల, అది చెరువు వల. రెండింటికీ కన్ను వేరు, ముడి వేరు, బరువు వేరు. అయినా ఆ వల కనపడగానే మా తాత తలపాగా తీసి చంకలో పెట్టుకునేవాడు. సిరిమానుకి చేసిన దణ్ణం కంటే ఆ వలకి చేసిన దణ్ణం పెద్దది. "అమ్మని ఒడ్డుకి సేర్సింది మన పనేరా గుంటడా" అనేవాడు. మేము ఆ వల వెనకే నడిచేవాళ్ళం. కోట దాకా వెళ్ళి మళ్ళీ గుడికి. కాళ్ళు పీకుతున్నాయంటే నెత్తిన ఒకటి పడేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు గంటస్తంభం దగ్గర తప్పిపోయాను. అరటిపళ్ళు సిరిమాను మీదికి విసురుతుంటే నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయాను, మావాళ్ళు ముందుకెళ్ళిపోయారు. ఒక గాజులమ్మ నన్ను తన మలారం పక్కన కూర్చోబెట్టింది. జీళ్ళు కొనిపెట్టింది. "ఏ ఊరు నాయనా? ఎవరి గుంటడివి?" అంది. కళింగపట్నం అన్నాను, తాత పేరు చెప్పాను, వలలు అల్లుతాడన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు. "అయితే వల మళ్ళీ ఇటే వస్తాది, ఊరుకో" అంది. అలాగే వచ్చింది. దాని వెనకే మా తాత, ముఖం పాలిపోయి. అంత జనంలో ఆ మనిషికి నేను ఎక్కడ దొరుకుతానో వల చెప్పింది. ఇప్పుడు పిల్లల చేతులకి ఫోన్ నంబరు రాసి పంపుతున్నారు. మంచిదే. నంబరు ఉందిగానీ ఆ జనంలో ఫోన్ మోగితేగా.

పూర్తిగా నిజం చెప్పాలంటే మా రోజుల్లోనూ తొక్కిసలాట ఉండేది. మా నానమ్మ కాలి బొటనవేలి గోరు రెండుసార్లు ఊడింది. మంచినీళ్ళకి నూతుల వెంట తిరిగేవాళ్ళం, ఆడవాళ్ళ అవస్థ చెప్పనే అక్కర్లేదు. ఈ తాళ్ళూ, గడకర్రలూ, నీళ్ళ ట్యాంకులూ అప్పుడుంటే మా నానమ్మ సంతోషించేదే. కానీ ఆవిడ గోరు ఊడిన సంగతి నవ్వుతూ చెప్పేది, పక్కన తొక్కినామె ఏ ఊరో కూడా చెప్పేది.

2024 అక్టోబరు 15, మంగళవారం. మా అబ్బాయి నన్ను ఎవరిదో తెలిసినవాళ్ళ మేడ ఎక్కించాడు. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. వాళ్ళ మర్యాదకి వంక పెట్టను. ఊరేగింపు మొదలైంది. పై నుంచి చూస్తే వల చిన్న గుడ్డపీలికలా ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. కాసేపటికి సిరిమాను వచ్చింది. కొసన పూజారి విసనకర్ర పట్టుకుని మా కళ్ళకి ఎదురుగా ఉన్నాడు. మేడ మీద అందరూ ఫోన్లు ఎత్తారు. నాకు ప్రాణం ఒప్పలేదు. ఆ మాను వచ్చిందంటే మెడ నొప్పెట్టేలా తలెత్తి చూడాలి. అంత ఎత్తున ఊగుతున్న మనిషిని చూసి గుండె ఝల్లుమనాలి. సరిసమానంగా కూర్చుని టీ తాగుతూ చూస్తే ఇంక అమ్మ ఎక్కడ, మనం ఎక్కడ?

రెండో తిరుగుడికి మెట్లు దిగిపోయాను. అబ్బాయి అరుస్తూనే ఉన్నాడు. డెబ్బై ఆరేళ్ళ మోకాళ్ళతో ఆ జనంలోకి వెళ్ళడం తెలివైన పని కాదని నాకూ తెలుసు. నాలుగడుగులు వేశానో లేదో ఎవరో భుజం పట్టుకుని తాడు దగ్గరికి జరిపారు. ఇరవై ఏళ్ళ కుర్రాడు, చేతిలో ఫోను. వాణ్ణి కోప్పడదామని నోరు తెరిచేలోగా వాడే అడిగాడు.

"ఏ ఊరు తాతా మీది?"

కళింగపట్నం అన్నాను. "మాది మొగదలపాడు" అన్నాడు. గార దగ్గర, మా పక్క ఊరే. వల వస్తోంది. వాడు ఫోను ఎత్తింది సిరిమాను కోసం కాదు, దానికోసమే. వాళ్ళ నాన్న గుజరాతులో వెరావల్ రేవులో బోటు మీద ఉన్నాడట, పండక్కి రాలేకపోయాడట, వల తప్పకుండా తీసి పంపమన్నాడట.

నేను తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాను. తర్వాత వాడి మోచెయ్యి పట్టుకుని, "ఫోను కాస్త కిందకి దించరా నాయనా, ముడులు కనపడాలి, మీ నాన్న చూసేది ముడులనే" అన్నాను.