శనివారం డ్యూటీ

విదేశీ ఇంటర్న్‌షిప్ అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా విశ్రాంతి తీసుకుని, శని ఆదివారాల్లో ఒళ్లొంచి పనిచేసే చదువు. ఏ యూనివర్సిటీ సిలబస్‌లోనూ ఈ మాట ఉండదు. కానీ 2025 ఎండాకాలం జర్మనీలో గడిపొచ్చిన మా మేనల్లుణ్ని దగ్గరుండి, అంటే వాట్సాప్ స్టేటస్‌లో దగ్గరుండి, గమనించాక నాకింతకంటే సరైన నిర్వచనం దొరకలేదు.

వాడికి దొరికిన ఊరు ఆఖెన్. షార్లమేన్ చక్రవర్తి ఏలిన ఊరు. ఆయన కట్టించిన చర్చి, యునెస్కో 1978లో మొట్టమొదటిసారి ప్రకటించిన 12 వారసత్వ స్థలాల్లో ఒకటి. మావాడికి చక్రవర్తీ పట్టలేదు, చర్చీ పట్టలేదు. ఊరి పక్క గుట్ట మీద జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దులు మూడూ కలిసే చోట ఒక రాయి పాతి ఉందని మాత్రం విమానం ఎక్కకముందే కనుక్కున్నాడు. ఆ రాయి చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తే మూడు దేశాలు తిరిగినట్టే. 322 మీటర్ల ఆ గుట్టే యూరప్‌లోని డచ్చి నేల మొత్తానికి ఎత్తైన చోటట. తిరుమల మెట్లెక్కినవాడెవడూ దాన్ని కొండని ఒప్పుకోడు. "మావాడు వెళ్లిన వారానికే మూడు దేశాలు చూసేశాడు" అని భీమవరంలో మా అక్క చెప్పుకుంది. అందులో అబద్ధం ఏమీ లేదు.

ప్రయాణానికి ముందు సామాన్ల దగ్గరే అంతర్జాతీయ చట్టంతో మా కుటుంబానికి మొదటి పరిచయం అయింది. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు సొంత పెట్టెలో పెట్టుకుని కూడా రానివ్వదు యూరోపియన్ యూనియన్. పచ్చి పళ్లూ కూరగాయలకి సర్టిఫికెట్ కావాలి. ఐదింటికి మాత్రం మినహాయింపు ఉంది: అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, దూరియన్. ఈ జాబితా చదివి వినిపిస్తే అక్క మొహం వెలిగిపోయింది.

"అరటిపళ్లు, కొబ్బరికాయ, ఖర్జూరాలు ఒప్పుకున్నారంటే సత్యనారాయణ వ్రతం చేసుకోనిస్తారన్నమాటేగా తమ్ముడూ!"

నెయ్యి లేకుండా ప్రసాదం ఎలా అన్న చిక్కు బ్రస్సెల్స్ అధికారులే తేల్చాలి. నేతి పూతరేకుల డబ్బా ఇంట్లోనే ఆగిపోయింది. ఆ నష్టాన్ని మా బావగారు ఒక్కరే, రాత్రిపూట, భరించారు. ఆవకాయ, కందిపొడి, రైస్ కుక్కర్ మాత్రం చట్టబద్ధంగా ఖండాంతరం వెళ్లాయి.

ల్యాబ్‌లో మొదటి రోజు వాడికి ఏ యంత్రమూ చూపించలేదు. సంతకాలు పెట్టించుకున్నారు. మంట లేస్తే ఎటు పరిగెత్తాలి, కంట్లో రసాయనం పడితే ఎక్కడ కడుక్కోవాలి, చెత్తలో ఏది ఏ డబ్బాలో వెయ్యాలి, అన్నిటికీ కాగితమే. మన కాలేజీల్లో ల్యాబ్ సేఫ్టీ రెండు మార్కుల ప్రశ్న. అక్కడ సంతకం పడకపోతే తలుపే తెరుచుకోదు.

గైడు ఒక పీహెచ్‌డీ అమ్మాయి. తనని పేరు పెట్టి పిలవమంది. గురువుని పేరు పెట్టి పిలిస్తే కళ్లు పోతాయని నమ్మి పెరిగినవాడు కదా, "మేడం" అన్నాడు. మేడం ఎవరొచ్చారా అని ఆవిడ వెనక్కి తిరిగి చూసిందట.

అప్పగించిన పని, బ్యాటరీల చార్జింగ్ డేటాకి పైథాన్‌లో గ్రాఫులు గీయడం. దీన్ని కాలేజీకి పంపిన కాగితంలో 'పరిశోధన' అన్నాడు మావాడు. బావగారు దాన్ని "జర్మనీ కార్లకి బ్యాటరీలు తయారు చేస్తున్నాడు" దాకా తీసుకెళ్లారు. సాయంత్రానికి ఆ కబురు రొయ్యల మేత కొట్టు చేరేసరికి, జర్మన్లకి బ్యాటరీ చేతకాక మన భీమవరం కుర్రాణ్ని పిలిపించుకున్నారని స్థిరపడింది.

గ్రాఫులు చకచకా గీసిచ్చాడు. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. "ఇప్పుడు నువ్వేం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగింది గైడు. పుట్టి బుద్ధెరిగాక వాణ్ని ఆ ప్రశ్న అడిగిన మనిషి లేడు. ఎంపీసీ అన్నారు, తీసుకున్నాడు. హాస్టలన్నారు, చేరాడు. ఏ బ్రాంచి అన్నది ర్యాంకు చెప్పింది. "మీరేం చెప్తే అది" అన్నాడు. "తొందరేం లేదు, ఆలోచించుకో" అని ఆవిడ తన పనిలో పడిపోయింది. వాడు బుద్ధిగా ఆలోచించాడు. ఆలోచిస్తున్నంతసేపూ ఇంకో కిటికీలో బ్రస్సెల్స్ రైళ్ల వేళలు తెరిచే ఉన్నాయి.

సాయంత్రం అయిదింటికి ల్యాబంతా ఖాళీ. మావాడు కదల్లేదు. పెద్దవాళ్లు వెళ్లాక మరో రెండు గంటలు కుర్చీని అంటిపెట్టుకుని ఉండటం మన దగ్గర ఒక అర్హత. ప్రమోషన్లకి కూడా పనికొస్తుంది. మర్నాడు గైడు కంగారుగా అడిగింది: "పని ఎక్కువైపోయిందా? తగ్గించమంటావా?" పొద్దుపోయాక కూడా కూర్చున్నాడంటే పని రావట్లేదని అక్కడ లెక్క. జర్మనీ చట్టం ప్రకారం రోజుకి 8 గంటల పని, ఎంత లాగినా 10. ఒక రోజు పని దిగాక మర్నాడు మళ్లీ ఎక్కేలోపు మామూలుగా 11 గంటల విరామం ఇవ్వాలి. ఆదివారం విశ్రాంతి అయితే ఏకంగా రాజ్యాంగంలోనే ఉంది. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని ఆ అధికరణాన్ని 1949లో కొత్తదాంట్లోనూ నిలుపుకున్నారు. మన రాజ్యాంగంలో ఆదివారం లేదు. ఆ లోటు పూడ్చడానికి 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారి వారానికి 70 గంటలు, 2025లో ఎల్ అండ్ టీ చైర్మన్‌గారి 90 గంటలు వచ్చాయి. రెండూ ఆదేశిక సూత్రాల్లోకి ఇంకా ఎక్కలేదు, అంతే.

ఇంతకీ ఆ రాజ్యాంగబద్ధమైన ఆదివారం ఎలా ఉంటుందంటే, పాల ప్యాకెట్ దొరకదు. సూపర్ మార్కెట్లు మూత. బట్టల కొట్లు మూత. పెద్ద రైల్వే స్టేషన్లలో నాలుగు కొట్లు తెరిచుంటాయి. ఖాళీ గాజు సీసా తీసుకెళ్లి వీధిలోని డబ్బాలో పడేసినా తప్పే, పగిలిన చప్పుడుకి పక్కింటివాళ్ల శాంతికి భంగం. ఒక దేశం మొత్తం తలుపేసుకుని పడుకుంటే ఇరవయ్యేళ్ల కుర్రాడు పక్క దేశానికి కాక ఎక్కడికి పోతాడు?

అలా మొదలైంది అసలు ఉద్యోగం. దీనికి ఎక్సెల్ షీట్ ఉంది. నాకూ పంపాడు. ఊరు, రైలు, ఏ ప్లాట్‌ఫాం, మారడానికి ఎన్ని నిమిషాలు, మారలేకపోతే రెండో దారి, అదీ తప్పితే మూడోది, డబ్బులడగని మరుగుదొడ్డి ఎక్కడ, ఫొటోకి ఎండ ఏ వైపు నుంచి పడుతుంది, పులిహోర పొట్లం ఏ బల్ల మీద విప్పాలి. ల్యాబ్‌లో గ్రాఫులకి అక్షాల పేర్లు పెట్టడం మర్చిపోయి చీవాట్లు తిన్నవాడు, ఈ షీట్‌లో గడుల రంగులు కూడా తప్పలేదు. జర్మనీ అంతా తిరగడానికి నెలవారీ టికెట్టు ఒకటుంది. 2023 మేలో 49 యూరోలతో మొదలై, మావాడు వెళ్లేసరికి 58కి చేరి, 2026 జనవరికి 63 అయింది. కాకపోతే అది ప్యాసింజర్ బళ్లకే, దూరం వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లకి పనికిరాదు. కాబట్టి ప్రతి ప్రయాణమూ నాలుగు బళ్లు మారే గణిత సమస్య. మావాడు లెక్కల్లో మొదట్నుంచీ మంచి ర్యాంకే.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ దాక్కున్న ఇంటికి టికెట్లు ఆరు వారాల ముందు, ప్రతి మంగళవారం ఆన్‌లైన్‌లో వదులుతారు. చూస్తుండగానే అయిపోతాయంటారు. మావాడికి దొరికాయి. ఆశ్చర్యమేముంది, తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు ఫోన్లో కొట్టి కొట్టి చెయ్యి తిరిగిన కుటుంబం మాది. ఆ మంగళవారం ల్యాబ్ మీటింగ్‌లో తలవంచుకుని కొడుతుంటే, కుర్రాడు శ్రద్ధగా నోట్సు రాసుకుంటున్నాడని గైడు సంతోషించిందట.

పెట్టుబడి సంగతి కూడా చెప్పాలి. అక్కడ వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ల సీసా మీద 25 సెంట్లు ముందే పట్టుకుంటారు. ఖాళీ సీసా సూపర్ మార్కెట్లో యంత్రం నోట్లో పెడితే చీటీ వస్తుంది, చీటీ ఇస్తే డబ్బులు. ఇంటిముందుకి పాత సీసాలకి ఉల్లిపాయలిచ్చే బండి వస్తే, నామోషీ అని వీధి తలుపేసేవాడు చిన్నప్పుడు. ఇప్పుడు ల్యాబ్ మీటింగుల్లో మిగిలిన సీసాలన్నీ సంచికెత్తి శుక్రవారం సాయంత్రం క్యూలో నిలబడ్డాడు. నలభై సీసాలు పది యూరోలు. వాడు ఇంటర్న్‌షిప్‌లో గీసిన గ్రాఫుల్లో ఇంత స్పష్టంగా ఆదాయం చూపించింది ఇంకోటి లేదు.

లక్సెంబర్గ్ అంటే వాడికి ప్రత్యేకమైన గౌరవం. 2020 నుంచి ఆ దేశంలో బస్సూ ట్రామూ రైలూ అన్నీ ఉచితం, ఫస్ట్ క్లాసుకి తప్ప. మన ఆర్టీసీలో ఆ సౌకర్యం ఆడవాళ్లకే ఉందని, మగవాడిగా పుట్టినందుకు యూరప్ దాకా రావాల్సొచ్చిందని స్టేటస్ పెట్టాడు. ఆ దేశంలోనే మొజెల్ నది ఒడ్డున షెంగెన్ అనే పల్లె ఉంది. 1985 జూన్ 14న అయిదు దేశాలవాళ్లు అక్కడ ఒక పడవ మీద కూర్చుని, సరిహద్దుల్లో తనిఖీలు ఎత్తేద్దామని సంతకాలు చేశారు. షెంగెన్ వీసా ఫైల్లో పొలం పాస్‌బుక్కు జిరాక్సు కూడా పెట్టిన మా బావగారు ఆ పల్లె ఫొటో చాలాసేపు చూశారు. "ఇంత చిన్న ఊరా!" అన్నారు చివరికి. తనిఖీల్లేని ఆ యూరప్‌లోనే 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన నేల సరిహద్దులన్నిటా మళ్లీ తనిఖీలు పెట్టింది. పడవ మాత్రం మ్యూజియంకి పనికొచ్చింది.

బ్రస్సెల్స్ ఫొటో ఫ్యామిలీ గ్రూపులో కొంచెం కలకలం రేపింది. అక్కడ నడివీధిలో పాస్ పోస్తున్న పిల్లాడి కంచు బొమ్మ ఉంది. 1619 నాటిది, మొత్తం ఎత్తు అరవై సెంటీమీటర్లు కూడా లేదు. అసలు బొమ్మని మ్యూజియంలో దాచి, బయట నకలు పెట్టారు. ఆ నకలుని చూడ్డానికే ప్రపంచం అంతా వస్తుంది. దానికి దేశదేశాల నుంచి వచ్చిన బట్టలు వెయ్యి జతలు దాటాయి. "ఇంతమంది బట్టలిచ్చినా వీడికి లాగు తొడగరేంట్రా?" అని మా అమ్మ అడిగింది. మావాడి దగ్గర జవాబు లేదు. ఈ ప్రశ్నకి బెల్జియంలో కూడా జవాబుంటుందని నేననుకోను.

జర్మన్లంటే టైము, టైమంటే జర్మన్లు అని మనకి స్కూల్లో చెప్పిన మాస్టార్లు ఆ దేశపు రైలెక్కి ఉండరు. 2024లో అక్కడి దూరప్రయాణ రైళ్లలో వేళకి చేరినవి 62.5 శాతం. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం అనుకోకుండా. మొత్తానికే రద్దయిన బండి ఈ లెక్కలోకే రాదు, రాని బండి ఆలస్యంగా ఎలా వస్తుంది? ఇంత పటిష్ఠమైన తర్కం మన రైల్వేకి ఇన్నేళ్లుగా తట్టకపోవడం విచారకరం. ఆలస్యంగా వచ్చే జర్మన్ బళ్లని స్విట్జర్లాండ్ వాళ్లు బాసెల్ దగ్గరే ఆపేసి, జనాన్ని తమ రైళ్లలోకి ఎక్కించుకుంటున్నారు, అంటు తగలకుండా.

మావాడు దెబ్బతిన్నది మాత్రం ఆలస్యం వల్ల కాదు. కొన్ని బళ్లు దారిలో రెండుగా విడిపోతాయి. ముందు పెట్టెలు ఒక ఊరికి, వెనక పెట్టెలు ఇంకో ఊరికి. మనకి ఒకప్పుడు లింక్ ఎక్స్‌ప్రెస్‌లుండేవి, అలాగన్నమాట. ఆ సంగతి మైకులో జర్మన్‌లో చెప్పారు. వాడు అప్పటికి వెనక పెట్టెలో పులిహోర తిని పడుకున్నాడు. లేచేసరికి చుట్టూ ఆవులు, గడ్డి, ఒక్క బెంచీ ఉన్న స్టేషను. షీట్‌లో నాలుగో దారి లేదు. దాన్నే 'ఊహించని పల్లెటూళ్ల అందాలు' అని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. అదే రాత్రి లింక్డ్‌ఇన్‌లో 'అనూహ్య పరిస్థితుల్లో నిర్ణయాలు తీసుకునే నైపుణ్యం అలవరచుకుంటున్నందుకు వినమ్రుణ్ని' అని రాశాడు. అమ్మకి ఫోన్ చేసి మాత్రం "ల్యాబ్‌లో లేటయింది" అన్నాడు. ఆ మూడింట్లో నాకు నచ్చింది మూడోదే. కాస్త భయం, కాస్త మర్యాద ఇంకా మిగిలున్నాయన్నమాట.

వారంలో అయిదు రోజులు ల్యాబూ, రెండు రోజులు ప్లాట్‌ఫారాలూ, రాత్రిళ్లు షీటూ కలిపి చూస్తే నారాయణమూర్తిగారి 70 గంటలు ఈ దేశం తరఫున మావాడు సునాయాసంగా పూర్తి చేశాడని నా నమ్మకం.

తిరిగొచ్చాక కాలేజీ వాళ్లు సర్టిఫికెట్‌తో పాటు హాజరు శాతం రాయించుకు రమ్మన్నారు. గైడుకి మెయిలు పెట్టాడు. ఆవిడకి ప్రశ్న అర్థం కాలేదు. రెండు మెయిళ్ల తర్వాత "అవసరమైనప్పుడల్లా ఉన్నాడు" అని రాసిచ్చింది. అంకె లేదని క్లర్కు తిప్పి పంపాడు. చివరికి 100 శాతం అని ఎవరు రాశారో నేనడగలేదు.

వైవాలో బోర్డు ముందు బ్యాటరీ గ్రాఫులు మొదటి స్లైడు, రెండో స్లైడు, మూడో స్లైడు నడుస్తుండగా పరీక్షకుడుగారు చెయ్యెత్తి ఆపారు.

"అవన్నీ బాగానే ఉన్నాయి గానీ బాబూ, పారిస్ ఎన్ని రోజులు చాలు?"

మావాడు షీట్ తెరిచాడు. అక్కడినుంచి గొంతులో వణుకు పోయింది. లూవ్ర్ మ్యూజియంలో మనబోటి బయటి దేశాలవాళ్లకి 2026 జనవరి నుంచి టికెట్టు 22 యూరోల నుంచి 32కి పెంచుతున్నారన్న కబురు కూడా చెప్పాడు. ముప్పావుగంట ఎవరూ కదల్లేదట. విభాగాధిపతి టీ తెప్పించారు. డిసెంబర్‌లో వాళ్లమ్మాయి, అల్లుడు వెళ్తున్నారట.

"ఎక్సలెంట్ వర్క్. ఈ ఫైలు నాకు మెయిల్ చెయ్యి," అన్నారు పరీక్షకుడుగారు మార్కుల కాగితం దగ్గరికి లాక్కుంటూ. "అన్నట్టు, ఆ రెండుగా విడిపోయే బండి, అందులో ఏ పెట్టె ఎక్కాలో ఓ కాలమ్ పెట్టావా?"